"ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగితే మీరు ఏమని చెబుతారు?

మేడమీద తోట, విజయవాడ

నిన్న మా ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ మార్చారు. ఏ బ్యాటరీ కావాలో చూసుకున్నది నేను, దుకాణాలు తిరిగి ధరలు కనుక్కున్నది నేను, పాత బ్యాటరీకి ఎంత తగ్గిస్తారో ఫోనులో మాట్లాడి ఒప్పించింది కూడా నేనే. మనిషి వచ్చాడు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు, హాలంతా ఒకసారి కలయజూసి "సార్ లేరా మేడం?" అన్నాడు. లేరు, నాతో చెప్పండి అన్నాను. సరేనని తల ఊపి, సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న మా పదో తరగతి వాడిని పిలిచాడు. డిస్టిల్డ్ వాటర్ ఎన్ని నెలలకు పోయాలి, ఎర్ర వైరు ఎటు, నల్ల వైరు ఎటు, అన్నీ వాడికి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇన్వర్టరు ఏ గదిలో ఉంటుందో మా వాడికి తెలిసింది అప్పుడే.

వారంటీ కార్డు నింపేటప్పుడు "సార్ పేరు చెప్పండి" అన్నాడు. డబ్బు మాత్రం నా ఫోను నుంచే తీసుకున్నాడు.

అతను ఒక్క మాట తూలలేదు. కసురుకోవడానికి కారణం దొరకదు, ఊరుకుందామంటే మనసు ఒప్పదు. ఇలాంటప్పుడు మీరు ఏమంటారు?

ఫ్యూజు వైరు, గుంటూరు

అలా అడిగేవాళ్ళలో మా కుర్రాళ్ళు కూడా ఉంటారు కాబట్టి నేనే ముందు మాట్లాడతాను. నాది ఏసీ, ఫ్రిజ్‌ల రిపేరు దుకాణం. కుర్రాళ్ళు అలా అడగడానికి మొదటి కారణం భయం. ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉన్నారు, రేపు ఏదైనా వస్తువు కనిపించకపోతే వేలు ఎవరి వైపు చూపిస్తారు? మగమనిషి ఉంటే కాస్త ధైర్యం. ఇక రెండోది వ్యాపారం. కంప్రెసర్ పోయిందండీ, ఇంత అవుతుంది అనగానే "మా వారిని అడిగి చెబుతాను" అంటారు. కుర్రాడు మళ్ళీ ఎండలో బండి వేసుకుని రావాలి. ఆ పెట్రోలు ఖర్చు ఎవరూ ఇవ్వరు. అందుకని మొదటే సారును అడుగుతాడు. అవమానించాలని కాదు.

మాటకు మాట, హైదరాబాద్

@ఫ్యూజు వైరు, "మా వారిని అడిగి చెబుతాను" అనేది బేరం అండీ! పొద్దున ఎనిమిది వేలు అన్నది సాయంత్రానికి ఆరు వేలు అవుతుందేమో చూద్దామని. ఇంట్లో లేని మొగుడు బేరానికి చాలా బాగా పనికొస్తాడు.

మగవాళ్ళు మాత్రం అనరా? ప్లాటు కొనమన్నవాడికి, చిట్టీ కట్టమన్నవాడికి, పాలసీ తీసుకోమన్నవాడికి "ఇంట్లో అడిగి చెబుతాను" అంటారు. అది విన్న ఏజెంటు ఎవరైనా మరుసటిసారి గుమ్మంలో నిలబడి "ఇంట్లో ఆడవాళ్ళు ఎవరూ లేరా సార్, పిలవండి" అన్నాడేమో కనుక్కుని చెప్పండి.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అమ్మాయిలూ, కోప్పడకండి. పెద్దవాడిని కాబట్టి చెబుతున్నాను. పరాయి ఆడవాళ్ళతో నేరుగా మాట్లాడకుండా ఇంటి మగవాడిని అడగడం మా రోజుల్లో మర్యాద. ఆ అబ్బాయి అదే చేశాడు. కట్నాలు ఉన్నాయి, కూలిలో తేడాలు ఉన్నాయి, గర్భంలోనే చంపుకోవడాలు ఉన్నాయి. అవి వదిలేసి బ్యాటరీ మనిషి దగ్గర ఆగిపోతే ఎలా?

మేడమీద తోట, విజయవాడ

బాబాయి గారూ, ఎదురుగా నిలబడి అడుగుతున్న మనిషి మొహం చూడకుండా, మీసం కూడా రాని పిల్లవాడికి జవాబు చెప్పడం ఏ రోజుల మర్యాద?

కల్లం కబుర్లు, జగిత్యాల

బాబాయి గారు కూలి తేడాలు అన్నారు కదా, నేను అటు వైపు నుంచే వస్తాను.

మా ఆయన దుబాయిలో ఉంటారు. మా వైపు ఇది ప్రతి వీధిలో ఉన్న కథ. పొలం నేనే చేయిస్తాను. నారు ఎప్పుడు పోయాలి, ట్రాక్టరు ఎవరిది మాట్లాడాలి, మోటారు కాలితే ఎవరి దగ్గర చుట్టించాలి, అన్నీ నావే. ఎరువుల దుకాణానికి వెళితే మాత్రం "మీ మరిదిని పంపకపోయావా అక్కా" అంటారు. మా మరిది నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. వరికీ మొక్కజొన్నకూ తేడా తెలుసు, అంతవరకే.

పాసుపుస్తకం మామయ్య పేరున ఉంది. అందుకని ప్రభుత్వం లెక్కలో రైతు ఆయనే, పెట్టుబడి సాయం పడేది ఆయన ఖాతాలోనే. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళ పేరున ఉన్న కమతాలు దాదాపు 14 శాతం. నాట్లు వేసేవాళ్ళలో, కలుపు తీసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో ఆ లెక్కలో రాదు. బురదలోకి దిగి చూడాలి.

ఇంకో సంగతి. మా ఊళ్ళో వడ్ల కొనుగోలు కేంద్రం మహిళా సంఘానిది. ఈ యాసంగిలో తేమ చూసే పని నాకు ఇచ్చారు. కుప్పలో నాలుగు వైపుల నుంచి పిడికెడు పిడికెడు గింజలు తీసి, కలిపి, యంత్రంలో పోస్తే అంకె వస్తుంది. 17 దాటితే తూకానికి ఎక్కించకూడదు. ఒకాయన కుప్పకు 18.4 వచ్చింది. "ఇంకొక పూట ఎండనివ్వండి" అన్నాను. ఆయన నన్ను పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపి "సెంటర్‌లో సారు లేడా, ఆయనను చూడమను" అన్నాడు. సారు ఎవరూ లేరు, ఉన్నది మా సంఘం సభ్యులమే. బస్తాలు కుట్టే హమాలీ అబ్బాయిని పిలిచి యంత్రం చేతికిచ్చాను. అతను పోశాడు. 18.4. రైతు నోరెత్తకుండా పరదాలు పరచుకున్నాడు.

నవ్వు వచ్చింది, ఒళ్ళు కూడా మండింది. ఆ హమాలీ అబ్బాయి యంత్రం పట్టుకోవడం అదే మొదటిసారి.

ఫ్యూజు వైరు, గుంటూరు

అక్కా, మీ 18.4 మా కుర్రాళ్ళకు చదివి వినిపించాను. ఒకడు అడిగాడు, "మరి మేడం ఒక్కరే ఉన్నప్పుడు ఏమని అడగాలి?" అని. నిజంగా అడుగుతున్నాను, చెప్పండి.

మాటకు మాట, హైదరాబాద్

"ఏసీ గురించి ఫోను చేసింది ఎవరండీ?" అని అడగమనండి. ఎవరు చేస్తే వాళ్ళతో మాట్లాడమనండి. భయం ఉంటే తలుపు తెరిచి ఉంచి పని చేసుకోమనండి, మాకూ అదే కావాలి.

చిన్నపాప నాన్న, విశాఖపట్నం

నాకు ఈ ప్రశ్న తిరగబడి వస్తుంది: "మేడం రాలేదా?"

మా ఆవిడది షిప్పుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. నాది ఇంటి నుంచి చేసే పని. కాబట్టి పాప టీకాలు, స్కూలు, జలుబులు అన్నీ నా శాఖ. టీకా వేయించడానికి తీసుకెళితే కార్డు నా చేతిలో ఉంటుంది, నర్సమ్మ మాత్రం "పాలు ఎలా తాగుతోంది, విరేచనం ఎలా అవుతోంది, మేడంకు ఫోను చేసి కనుక్కోండి" అంటుంది. మేడంకు తెలియదండీ, నాకు తెలుసు. ఆ మాట చెబితే నన్ను చూసి కాదు, మా ఆవిడను తలుచుకుని జాలిపడతారు. స్కూలు వాళ్ళ వాట్సాప్ గుంపు పేరు "ఎల్‌కేజీ మమ్మీస్". అందులో నేనొక్కడినే మీసాల మమ్మీని. పెద్ద దుకాణాల సముదాయానికి వెళితే పాపకు డైపర్ మార్చే బల్ల ఆడవాళ్ళ మరుగుదొడ్డిలోనే ఉంటుంది. కారు వెనక సీటులో మార్చుకుంటాను.

మా అమ్మే అంటుంది, "వాడి చేత అంట్లు తోమిస్తోంది" అని. తోమిస్తోంది అనే ఎందుకు, తోముతున్నాడు అనవచ్చు కదా!

కేంద్ర ప్రభుత్వం కాల వినియోగ సర్వే అని ఒకటి చేస్తుంది, రోజులో ఎవరు దేనికి ఎంతసేపు వెచ్చిస్తారో అడుగుతారు. జీతం రాని ఇంటి పనికి, ఆ పని చేసేవాళ్ళ సగటు 2019లో ఆడవాళ్ళకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళకు 97. 2024లో ఆడవాళ్ళకు 289, మగవాళ్ళకు 88. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గింది సరే, మగవాళ్ళకు కూడా తొమ్మిది తగ్గింది! ఆ పని ఎవరు అందుకున్నారో నాకు అంతు చిక్కలేదు. మిక్సీలూ వాషింగ్ మెషిన్లూ అయి ఉంటాయి.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

నాయనా, నీ శ్రమ గొప్పదే. అయితే తల్లి చూసుకున్నట్టు తండ్రి చూసుకోగలడా?

చిన్నపాప నాన్న, విశాఖపట్నం

జ్వరం 102 ఉన్నప్పుడు తడిగుడ్డ వేయడానికి చూసుకునే చెయ్యి ఉంటే చాలు బాబాయి గారూ. ఏ చేతికైనా థర్మామీటరు అదే అంకె చూపిస్తుంది, పైన అక్క చెప్పారు కదా.

డ్వాక్రా వదిన, ఒంగోలు

ఇప్పటిదాకా అందరూ చెప్పినవి చదివాను. ఒక్కటి ఎవరూ అనలేదు.

మా కాగితాలు చూడండి. గ్యాసు కనెక్షన్ నా పేరున ఉంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు సంఘం సభ్యురాలినని నాకు ఇచ్చారు. రేషను కార్డులో ఇంటి పెద్దను నేను. 2013 ఆహార భద్రత చట్టంలోనే ఉంది, పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పెద్దామె ఆ ఇంటికి పెద్ద అని. మా కోడలికి ఇళ్ళ స్థలం పట్టా ఆమె పేరుతోనే వచ్చింది. బ్యాంకులో సంఘం అప్పు మా పది మంది పేర్లతోనే ఉంది. కాగితం మీద మేమే యజమానులం.

ఇప్పుడు గుర్తు చేసుకోండి. వాయిదా కట్టడం రెండు రోజులు ఆలస్యమైతే బ్యాంకు నుంచి మనిషి వస్తాడు. గుమ్మంలో నిలబడి "ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా" అని అతను ఏనాడైనా అడిగాడా? అడగడు. నేరుగా నా పేరు పెట్టి పిలుస్తాడు. చిన్న అప్పులిచ్చే కంపెనీల వాళ్ళయితే మా ఆయన ముందుకు వచ్చినా "మీరు కాదండీ, ఆవిడను పిలవండి" అంటారు. బ్యాటరీ అబ్బాయి డబ్బులు ఎవరి ఫోను నుంచి తీసుకున్నాడు?

కట్టాల్సి వచ్చినప్పుడు నన్ను పిలుస్తారు, చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయనను పిలుస్తారు. గోదావరి గట్టు గారూ, ఇది మర్యాద అయితే వసూలుకు వచ్చినప్పుడు కూడా ఉండాలి కదా?

కల్లం కబుర్లు, జగిత్యాల

వదినా, అచ్చంగా ఇదే. మా సంఘం వాయిదా తేదీ మా మరిదికి ఎవరూ చెప్పరు!

పర్యవేక్షణ

రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఉచిత బస్సుల మీద జోకులకు ఇది చోటు కాదు. వేరే చర్చ ఉంది, అక్కడ కూడా కాస్త చూసుకుని రాయండి.

మాటకు మాట, హైదరాబాద్

తీసేసినందుకు సంతోషం. "పనీ పాటా లేక తిరుగుతున్నారు" అనేవాళ్ళు తెల్లవారుజామున మొదటి సిటీ బస్సు ఎక్కి చూడండి. ఆఫీసుల్లో గచ్చు తుడవడానికి, అపార్టుమెంట్లలో అంట్లు తోమడానికి వెళ్ళేవాళ్ళతోనే నిండి ఉంటుంది.

పాత ఫైలు, హైదరాబాద్

కోర్టు వ్యవహారాల్లో చాలాకాలం పనిచేసినవాడిని. "మగవాళ్ళు లేరా" అని మన రిజర్వు బ్యాంకు కూడా అడిగింది. 1984లో గీతా హరిహరన్ అనే రచయిత్రి తన మైనరు కొడుకు పేరున బాండ్లు కొనడానికి గార్డియనుగా తానే సంతకం పెట్టి పంపారు. తండ్రి సంతకం కావాలని దరఖాస్తు తిప్పి పంపారు. తండ్రి పక్కనే ఉన్నాడు, ఇద్దరూ కలిసే నిర్ణయించుకున్నారు, అయినా పనికిరాలేదు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తండ్రి బతికి ఉన్నంత మాత్రాన తల్లి గార్డియను కాకుండా పోదని 1999లో తీర్పు వచ్చింది. పద్నాలుగేళ్ళు పట్టింది.

అంతకు ముందు 1979లో ముత్తమ్మ గారి కేసు. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. ఆ సర్వీసులో ఆడవాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, సంసారం వల్ల పనికి అడ్డం వస్తుందనుకుంటే రాజీనామా చేయమనవచ్చు అని నియమం. మగ అధికారులకు ఆ నియమం లేదు. మగవాడి సంసారం పనికి ఎందుకు అడ్డం రాదని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగానే అడిగారు.

ఇప్పుడు పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు, 2016 చివర్లో మారింది. తల్లి ఒక్కతే పెంచిన పిల్లలకు పాన్ కార్డులో తండ్రి పేరు తప్పనిసరి కాదు, అది 2018 డిసెంబరు నుంచి. కౌంటరులో కూర్చున్నవాళ్ళు మాత్రం అలవాటుకొద్దీ పాత ప్రశ్నే అడుగుతారు. గొడవ పడవద్దు. "ఏ నియమం ప్రకారం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వండి" అనండి. రాసివ్వమంటే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

తెల్ల యూనిఫాం, తిరుపతి

పైన టీకాల నర్సమ్మ ప్రస్తావన వచ్చింది కాబట్టి మా వాళ్ళ తరఫున సగం క్షమాపణ. మిగతా సగం చెప్పను, ఎందుకంటే చాలామంది నాన్నలకు పాప పేరు తప్ప ఏమీ తెలియదు, ఫోను చేసి కనుక్కోక తప్పదు.

నేను రోజూ చూసేది ఆపరేషను కాగితం. పేషెంటుకు నలభై ఏళ్ళు, తెలివిలో ఉంది, టీచరు. సంతకం భర్తది అడుగుతారు. ఆయన ఊళ్ళో లేకపోతే తమ్ముడిది. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. మత్తులో ఉన్న పేషెంటుకు గర్భసంచి తీసేయడానికి డాక్టరు బయట ఉన్న తల్లి సమ్మతి తీసుకున్నారు. అది చెల్లదన్నారు. మేజరు, తెలివిలో ఉండి నిర్ణయించుకోగలిగిన మనిషి కాబట్టి సమ్మతి ఆమెదే కావాలి. గర్భం తీయించుకోవడానికి కూడా 1971 చట్టం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సమ్మతినే అడుగుతుంది, భర్త సంతకం అడగదు.

ఆసుపత్రికి పక్కన ఒక మనిషి కావాలన్నది నిజమే. రక్తం ఏర్పాటు చేయాలి, బిల్లు చూసుకోవాలి. ఆ మనిషి అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. ఒకసారి ఒకావిడ కాగితం తిప్పి చూసి "కోసేది నన్ను కదమ్మా, పెన్ను ఇటు ఇవ్వు" అంది. డాక్టరు గారు కూడా నవ్వేశారు.

మూడో ఆడపిల్ల, ఖమ్మం

చాలా రోజులుగా చదవడమే కానీ రాయలేదు. డ్వాక్రా వదిన గారి మాట చదివాక రాయాలనిపించింది.

మా నాన్న పోయినేడాది పోయారు. వీలునామా రాయలేదు. ఆయన కొన్న రెండెకరాలు, తాతగారి నుంచి వచ్చిన ఇల్లు ఉన్నాయి. మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళం, ఒక అన్న. అమ్మ అన్న దగ్గరే ఉంటుంది. మొన్న అన్న ఫోను చేసి "గురువారం రిజిస్ట్రారు ఆఫీసులో చిన్న పని ఉంది, ముగ్గురూ రండి, సంతకాలు పెట్టి, భోంచేసి వెళుదురు గాని, వదిన చీరలు కూడా తెచ్చింది" అన్నాడు. ఏ సంతకం అని అడిగితే "ఏదో మామూలు కాగితం" అన్నాడు.

నాన్న పోయాక పొలం కౌలు ఎవరికి ఇవ్వాలి, ఇంటి పైకప్పు బాగు చేయాలా అని ఎన్ని మాటలు జరిగాయో, ఒక్కదానికి కూడా మమ్మల్ని పిలవలేదు. అన్నతో నాకు గొడవ లేదు. మంచివాడు. పండక్కి మరిచిపోకుండా పిలుస్తాడు.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

అమ్మా, తొందరపడకు. అన్న బాగుంటే పుట్టిల్లు ఉంటుంది. కోర్టుల దాకా వెళితే రాకపోకలు తెగిపోతాయి, చాలా చూశాను.

డ్వాక్రా వదిన, ఒంగోలు

పండక్కి పుట్టింటికి వెళ్ళడానికి వాటా వదులుకోవాలా గట్టు గారూ? అన్న ఏమీ వదులుకోకుండానే ఆ ఇంట్లో ఉంటాడు కదా.

పాత ఫైలు, హైదరాబాద్

అమ్మా, ఆ "మామూలు కాగితం" హక్కు విడుదల పత్రం అయి ఉంటుంది. మీ వాటా మీరు అన్నకు వదిలేస్తున్నట్టు రాసే దస్తావేజు. రిజిస్ట్రేషను అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

నాన్న సొంతంగా కొన్న రెండెకరాలు, వీలునామా లేదు కాబట్టి, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే అమ్మకూ నలుగురు పిల్లలకూ సమానం. నాయనమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా. తాతగారి ఇల్లు పిత్రార్జితమైతే, మన ఉమ్మడి రాష్ట్రమే మొదట 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళను మాత్రం వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా కూడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని కదపరు. మీ ఇంట్లో అలాంటిది ఏమైనా జరిగిందేమో కనుక్కోండి.

పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద మీకు భూమి ఏమైనా ఇచ్చారా? రిజిస్ట్రేషను లేకుండా నోటిమాటగా ఇచ్చి ఉంటే అది కూడా చెప్పండి. దాన్ని చూపించే "మీ వాటా ఎప్పుడో అయిపోయింది" అంటారు.

వదులుకోవద్దని నేను చెప్పను. అమ్మను చూసుకుంటున్నాడని మీ అంతట మీరు ఇస్తే అది మీ ఇష్టం. ఏమి ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.

మూడో ఆడపిల్ల, ఖమ్మం

భూమి ఏమీ ఇవ్వలేదు, బంగారం పెట్టారు. పంపకాలు ఎప్పుడూ జరగలేదు. నాయనమ్మ లేదు. ఇప్పుడే అన్నకు ఫోను చేసి ముసాయిదా పంపమని అడిగాను. "నీకు అర్థం కాదులే, బావగారికి పంపుతాను, ఆయన చూస్తారు" అన్నాడు.

మాటకు మాట, హైదరాబాద్

బావగారు సంతకం పెడతారా మరి!

పాత ఫైలు, హైదరాబాద్

నకలు మీ ఫోనుకే పంపమనండి, మీ అక్కలిద్దరికీ కూడా. వచ్చాక చివర ఉండే షెడ్యూలు ముందు చదవండి, ఏ ఆస్తులు రాశారో అందులో ఉంటుంది. పొలానికీ ఇంటికీ ఈసీ, అంటే ఆ ఆస్తుల మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం, తీయించండి, నాన్న బతికుండగా ఏమైనా రాసిచ్చారా అన్నది తెలుస్తుంది. గురువారం కుదరదు, చదువుకోవడానికి రెండు వారాలు కావాలని ఈ రాత్రే చెప్పండి. కాగితం వచ్చాక పేర్లు, సర్వే నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి.